పద్మగారి స్నో బ్లోయర్

“ముందు ఆ మెషీన్‌ని గ్యారేజ్‌లోంచి తీయించెయ్. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం,” అన్నాడు శశికాంత్.

ఫోన్ స్పీకర్‌లో ఉంది. త్రివేణి దాన్ని ఉప్పు డబ్బాకి ఆనించి బీరకాయ చెక్కు తీస్తోంది. ఉద్యోగం కోసం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్న భర్త గొంతు మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ వంటిల్లంతా వినిపిస్తోంది. టేబుల్ దగ్గర ఆమె అత్తగారు జ్ఞానప్రసూన, కుడి మణికట్టుకి పిండికట్టుతో, ఎడమచేత్తో స్పూన్ పట్టుకుని పెరుగన్నం తింటోంది. కొడుకు మాటకి ఆవిడ తలెత్తలేదు.

“అది నిన్నేం చేసింది శశీ?”

“నీకు తెలీదు. మంచు చిమ్మే గొట్టం మూసుకుపోయిందని అందులో చెయ్యి పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. గూగుల్ చెయ్యి.”

“చేశాను. మాన్యువల్‌లో కూడా మొదటి పేజీలోనే ఉంది. చెయ్యి పెట్టను.”

“అసలది స్టార్టే అవదంట కదా. పద్మగారు వదిలించుకోవడానికి నీకు అంటగట్టి పోయారు.”

“స్టార్టే అవని దానికి నువ్వెందుకు భయపడుతున్నావ్?”

అటువైపు ఏదో తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

“అమ్మ చెయ్యి విరిగింది త్రివేణీ,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “నేనక్కడ ఉండి ఉంటే...”

ఈ మధ్య ప్రతి ఫోన్‌కాల్‌లోనూ ఆ మాట అక్కడికి వచ్చి ఆగిపోతోంది. మంచు తీయడానికి కుదుర్చుకున్న మనిషి ట్రక్కు చెడిపోయిందని ఒక మెసేజ్ పెట్టి డిసెంబర్‌లోనే మాయమయ్యాడు. ఆ మర్నాడే త్రివేణి ఆఫీసులో ఉండగా జ్ఞానప్రసూన పోస్టు తెచ్చుకుందామని బయటికి వెళ్ళి, గ్యారేజ్ నుంచి రోడ్డు దాకా ఉన్న డ్రైవ్‌వే మీద మంచు గడ్డకట్టిన చోట జారి పడింది. ఎదురింటి పద్మగారు చూసి పరిగెత్తుకొచ్చి హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. ఆ పద్మగారే కిందటివారం డబ్లిన్‌లో ఉన్న కూతురి దగ్గరికి మకాం మారుస్తూ, రెండు శీతాకాలాలుగా కదలని తమ స్నో బ్లోయర్‌ని, మంచు ఊడ్చే ఆ మెషీన్‌ని, చూపించి, “పని చేయించుకోగలిగితే తీసుకెళ్ళమ్మా, లేకపోతే చెత్తబండికి ఇచ్చేస్తాను” అన్నారు. త్రివేణి దాన్ని రోడ్డుకి అడ్డంగా తోసుకుంటూ తెచ్చుకుంది.

“అందుకే చెప్తున్నా,” అన్నాడు శశికాంత్. “ఇల్లు ఇప్పుడే అమ్మకానికి లిస్టింగ్‌లో పెట్టేద్దాం. ఇక్కడ అపార్ట్‌మెంట్ చూస్తాను. మంచు ఉండదు, డ్రైవ్‌వే ఉండదు.”

“నా ఉద్యోగం కూడా ఉండదు.”

“డాలస్‌లో లేవా ఉద్యోగాలు?”

“ఉంటాయి. అవేవీ నన్ను పిలవలేదు. ఇది పిలిచింది.”

పెళ్ళి చేసుకుని ఈ దేశం వచ్చాక ఆరేళ్ళు ఆమె భర్త వీసాని బట్టి వచ్చే హెచ్-ఫోర్ డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉంది. పని చేసుకోవడానికి వీలిచ్చే ఈఏడీ కార్డు వచ్చాక, ఎన్నో ఇంటర్వ్యూల తర్వాత, కార్ల బ్రేకులు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. చేరి రెండు నెలలు కాలేదు. మంచు మూలంగా ఇప్పటికే రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళింది. రెండోసారి సూపర్‌వైజర్ కోపంగా ఏమీ అనలేదు. “మిషిగన్‌లో మంచు అందరి ఇంటి ముందూ పడుతుంది” అని మాత్రం అంది. వచ్చే సోమవారం పొద్దున్నే ఒక కస్టమర్ ముందు టెస్ట్ నడిపి చూపించాల్సింది త్రివేణే. ఆదివారం రాత్రికి పెద్ద మంచు తుఫాను వస్తుందని టీవీ చెబుతోంది.

“నీ ప్రాబ్లమ్ మంచు కాదు శశీ,” అంది చాకు పక్కన పెట్టి. “డ్రైవ్‌వే క్లియర్ అయిపోతే ఇల్లు అమ్మడానికి నీకు సాకు ఉండదు. అదీ నీ ప్రాబ్లమ్.”

ఫోన్ కట్ అయింది.

త్రివేణి చేతులు కడుక్కుంది. జ్ఞానప్రసూన ఖాళీ అయిన గిన్నెలో స్పూన్ పెట్టింది.

“వాడెప్పుడూ అలా పెట్టెయ్యడు,” అంది, ఎవరితోనో అన్నట్టు.

* * *

శుక్రవారం సాయంత్రం ల్యాబ్ నుంచి వస్తూనే త్రివేణి గ్యారేజ్ తలుపు పైకెత్తింది. పెట్రోలు ఆవిరి లోపల నిలవకూడదని మాన్యువల్‌లో రాశారు. చలి నేరుగా లోపలికొచ్చి కాళ్ళ మీద పడింది.

మెషీన్ ఆమె నడుమెత్తు ఉంది. ముందు మంచును లోపలికి లాక్కునే ఇనప రెక్కలు, పైన దాన్ని దూరంగా చిమ్మే గొట్టం, వెనక ఇంజను, పట్టుకునే పిడులు. ల్యాబ్‌లో ఆమె చూసేది బ్రేకులు ఎంత వేడెక్కాయో చెప్పే గీతలే. ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది గానీ చేత్తో రెంచ్ పట్టుకుని ఒక నట్టు విప్పింది లేదు. ట్యాబ్లెట్‌ని పెయింటు డబ్బా మీద నిలబెట్టి వీడియో పెట్టుకుంది. ఒక చోట ఆపడం, చేసి చూడటం, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూడటం.

ముందు ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలుని, ఇక్కడివాళ్ళు గ్యాస్ అనేదాన్ని, డబ్బాలోకి వంచింది. దాన్నుంచి గ్యాస్ వాసన రాలేదు. ఎప్పుడో వేసిన రంగు ఎండలో మాడినట్టు ముక్కుకి ఘాటుగా కొట్టింది. ఆయిల్ తీసింది, టార్‌లా నల్లగా కారింది. కొత్తది పోసింది. స్పార్క్ ప్లగ్ మార్చింది. ఇక్కడిదాకా అంతా వీడియోలో చూపించినట్టే అయింది.

కార్బురేటర్ దగ్గరికొచ్చేసరికి ఆగింది. గ్యాస్‌నీ గాలినీ కలిపి ఇంజనుకి అందించేది అదే. కింద గిన్నెలాంటి మూత ఉంది. దాని నట్టు ఎంతకీ తిరగలేదు. రెంచ్ జారి వేలి కణుపు చెక్కుకుపోయింది. వేలిని నోట్లో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. తర్వాత నట్టు మీద ఆయిల్ స్ప్రే కొట్టి, వేచి చూసి, రెంచ్ పిడిని మడమతో తొక్కింది. కిర్రుమని కదిలింది.

గిన్నె అడుగున తేనె రంగు జిగురు పేరుకుపోయింది. నట్టుకే సన్నటి రంధ్రం ఉంది, అది కూడా అదే జిగురుతో పూడిపోయింది. జిగురు కరిగించే మందు కొట్టి, బ్రష్‌తో రుద్ది, దీపానికి అడ్డం పెట్టి చూసింది. రంధ్రంలోంచి వెలుతురు కనిపించింది.

ఆ రాత్రి అన్నం కలుపుకుంటుంటే వేళ్ళకి ఇంకా మందు వాసన వచ్చింది. జ్ఞానప్రసూన ముక్కు చిట్లించింది.

* * *

శనివారం పొద్దున కొత్త గ్యాస్ పోసి మెషీన్‌ని గ్యారేజ్ బయటికి తోసింది త్రివేణి. గాలి తగ్గించే చోక్ లాగింది. ఇంజనుని లేపే తాడు పట్టుకుని ఒక్కసారి గుంజింది. ఏమీ లేదు. మళ్ళీ గుంజింది. మళ్ళీ.

ఉన్నట్టుండి ఇంజను దగ్గినట్టయి అందుకుంది. నల్లటి పొగ వచ్చింది. త్రివేణి రెండడుగులు వెనక్కేసి, నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంజను శబ్దం పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. ఆ తర్వాత ఊపిరి అందనట్టు ఎగిసి ఆగిపోయింది.

మళ్ళీ లాగింది. మళ్ళీ అంతే. అందుకోవడం, ఆగిపోవడం. భుజం మండుతోంది. కోటు లోపల చెమట పట్టింది.

“చాలమ్మా,” అన్న మాట వినిపించింది. గ్యారేజ్‌కీ వంటింటికీ మధ్య ఉన్న తలుపులో జ్ఞానప్రసూన నిలబడి ఉంది. “అది లేవదు. వాడు చెప్పింది విను.”

“ఇంకొకసారి చూస్తాను అత్తయ్యా.”

“ఎన్నిసార్లు? రెండు రోజులుగా ఆ ఇనప ముక్కలతోనే ఉన్నావు. వాడక్కడ ఒంటరిగా ఉన్నాడు. వండుకుంటున్నాడో, బయటే తింటున్నాడో. మొగుడు పెళ్ళాలు చెరో ఊళ్ళో ఉండి, మధ్యలో ఈ ఇంటికి కాపలా ఎందుకు?”

“కాపలా కాదు. నేనిక్కడ పని చేస్తున్నాను.”

“చేస్తున్నావు.” ఆవిడ కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుంది. “ఆ రోజు నువ్వు ఇంట్లో ఉంటే నేను పడేదాన్నా?”

ఆ మాట ఆవిడ నోట రావడం అదే మొదటిసారి. త్రివేణి తాడు పిడి వదల్లేదు.

“పడేవారు కాదు,” అంది. “పొద్దున్నే ఉప్పు చల్లేదాన్ని. పోస్టు నేనే తెచ్చేదాన్ని. ఆ రోజు నేను లేను, మీరు పడ్డారు. అది నాకు రోజూ గుర్తొస్తుంది.”

జ్ఞానప్రసూన ఏదో అనబోయింది.

“కానీ అత్తయ్యా, ఆరేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. ఇంకెన్నేళ్ళు ఉంటే సరిపోతుంది? మీరు పిఠాపురం హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పారు. మీ అత్తగారికి జ్వరంగా ఉన్న రోజుల్లో కూడా గ్లాసులో జావ పెట్టి స్కూల్‌కి వెళ్ళానని మీరే నాతో అన్నారు. అప్పుడు మిమ్మల్ని ఎవరైనా ఇలాగే అడిగి ఉంటారు. మీరు మానేశారా?”

జ్ఞానప్రసూన ముఖం పాలిపోయింది. కోపమో, దెబ్బ తగలడమో త్రివేణికి అర్థం కాలేదు. ఆవిడ వెనక్కి తిరిగి లోపలికెళ్ళింది. తలుపు మెల్లగానే మూసుకుంది.

చెయ్యి విరిగినప్పటి నుంచీ రోజూ సాయంత్రం అత్తగారికి జడ వేస్తున్నది త్రివేణే. టీ తాగాక దువ్వెనా రబ్బరు బ్యాండూ పట్టుకుని ఆవిడే సోఫా ముందు కింద కూర్చునేది. ఆ సాయంత్రం కూర్చోలేదు. విడిపోయిన జుట్టును ఒంటిచేత్తో ముడేసుకోబోతే ముడి నిలవలేదు. అలాగే భుజాల మీద వదిలేసుకుని టీవీలో వాతావరణం చూస్తూ కూర్చుంది.

త్రివేణి దువ్వెన తెచ్చి పక్కన పెట్టింది. ఆవిడ చూడలేదు. చాలాసేపటికి దువ్వెన అక్కడే ఉండగా లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

* * *

ఆదివారం పొద్దున ఫోన్ మోగితే జ్ఞానప్రసూనే తీసింది. త్రివేణి మేడమెట్ల మీద బట్టల బుట్టతో ఆగిపోయింది. కొడుకు ఏమంటున్నాడో వినపడటం లేదు. తల్లి మాటలే వినిపిస్తున్నాయి.

“రేపా? రేపే ఎందుకురా?... ఊఁ... టికెట్ కూడా తీసేశావా?... నాకూ తీశావా?” కుర్చీ లాగిన చప్పుడు. “డాక్టర్ కట్టు విప్పడానికి ఇక్కడికే రమ్మన్నాడు కదా... అక్కడ చూపించవచ్చులే అంటే సరిపోయిందా?... త్రివేణికి చెప్పావా?... ఎందుకు చెప్పలేదు?... నా బట్టలు నువ్వు చెప్పగానే సర్దుకోవడానికి నాకు రెండు చేతులు లేవు నాన్నా.”

ఆవిడ ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టింది. త్రివేణి మెట్లు దిగకుండా అక్కడే ఉండిపోయింది. జ్ఞానప్రసూన కిటికీ దగ్గరికెళ్ళి, తను పడిన చోటుని చాలాసేపు చూసింది.

మధ్యాహ్నం త్రివేణి మళ్ళీ కార్బురేటర్ విప్పుకుని కూర్చుంది. తలుపు తెరుచుకుంది. జ్ఞానప్రసూన చీర మీద శశికాంత్ పాత కోటు తొడుక్కుని, కాళ్ళకి అతని బూట్లే వేసుకుని వచ్చింది. చేతిలో దువ్వెన ఉంది.

“ముందు జడ వెయ్యి,” అంది. “తర్వాత పని చేసుకుందువుగాని.”

త్రివేణి చేతులు తుడుచుకుని లేచింది. ఆవిడ తలకిందులుగా పెట్టిన బకెట్ మీద కూర్చుంది. పల్చబడిన నెరిసిన జుట్టును చిక్కు తీసి, జడ అల్లి, చివర బ్యాండు వేసింది త్రివేణి.

జడ అయ్యాక ఆవిడ ట్యాబ్లెట్ కోసం చెయ్యి చాపింది. “ఆ పలక ఇలా ఇవ్వు. నువ్వు చెయ్యి, నేను చదువుతాను. ఒకటికి రెండు పనులు పెట్టుకుంటే అన్నీ సగమే అవుతాయి.”

కళ్ళజోడు సర్దుకుని, అందులో తెరిచి ఉన్న మాన్యువల్‌ని క్లాసులో లెక్క చదివి వినిపించినట్టు ఒక్కొక్క వాక్యం ఆపి ఆపి చదివింది. ఒక చోట ఆగింది.

“‘క్లీన్ ఆల్ ది హోల్స్’ అన్నాడు. ఆల్ అంటే అన్నీ కదా. నువ్వెన్ని చేశావు?”

“నట్టుకున్నది చేశాను. వెలుతురు కూడా కనిపించింది.”

“బొమ్మలో రెండు వేశాడే. పక్కన ఇంకోటి.”

త్రివేణి నట్టుని తిప్పి చూసింది. పక్కన, మర చుట్ల దగ్గర, గుండుసూది మొన కూడా దూరనంత సన్నటి చుక్క. అది మచ్చ అనుకుంది తను. పాత ఛార్జింగ్ కేబుల్ కోసి లోపలి రాగి తీగల్లోంచి ఒక్క పోగు లాగింది. అది రంధ్రంలోకి దిగలేదు. మందు కొట్టి, ఆగి, మళ్ళీ ప్రయత్నించింది. జ్ఞానప్రసూన టార్చ్‌ని ఎడమచేత్తో పట్టుకుని దగ్గరికి వంగింది. పోగు వంకర తిరిగింది, ఇంకొకటి తీసింది. అలా ఎన్ని పోగులు పాడయ్యాయో తెలియదు గానీ, చివరికి ఒకటి అవతల వైపుకి తేలింది. దాని మొన మీద చిటికెడు జిగురు అంటుకుని వచ్చింది.

బయటికి తోసుకెళ్ళి తాడు లాగింది. ఇంజను అందుకుంది. త్రివేణి చోక్‌ని మెల్లగా సగం వెనక్కి, తర్వాత మొత్తం తోసింది. శబ్దం తడబడలేదు. ఒకే శ్రుతిలో నడుస్తూ పోయింది. ఇద్దరూ అది ఇప్పుడు ఆగుతుందేమో, ఇప్పుడు ఆగుతుందేమో అని చూస్తూ నిలబడ్డారు. ఆగలేదు.

త్రివేణి ఆపేసింది. చెవుల్లో ఇంకా హోరు ఉంది.

“వాడు రేపు వస్తున్నాడు,” అంది జ్ఞానప్రసూన. “నన్ను తీసుకెళ్ళడానికట.”

“విన్నాను. మీరు వెళ్తారా?”

ఆవిడ గట్టిగా అల్లిన జడను భుజం మీంచి వెనక్కి వేసుకుంది.

“ఆ మాట నన్ను అడిగింది నువ్వొక్కదానివే,” అంటూ లోపలికి నడిచింది.

* * *

సోమవారం ఇంకా వెలుతురు రాకముందే త్రివేణి బయటికొచ్చింది. పోస్టు డబ్బా కాలు సగం దాకా మంచులో మునిగిపోయింది. పొరుగింటి కారు ఉందో లేదో తెలియడం లేదు. తుఫాను తగ్గి, అక్కడక్కడ పొడి మాత్రం రాలుతోంది.

ఇంజను రెండోసారి లాగగానే అందుకుంది. పిడి కింది లివర్ నొక్కి ముందుకి కదిలించింది. ఇనప రెక్కలు మంచుని మింగి పైకి చిమ్మాయి, గాలి ఇటు తిప్పడంతో అదంతా వచ్చి ఆమె ముఖం మీదే పడింది. ఆగి, తుడుచుకుని, గొట్టాన్ని రెండో వైపుకి తిప్పింది. ఆ తర్వాత దారి తెలిసింది. మరీ వేగంగా తోస్తే మొరాయిస్తోంది. నెమ్మదిగా, ఒక చాలుకి పక్కనే ఇంకో చాలు దున్నినట్టు పోతే చక్కగా తింటోంది.

మధ్యలో తడిమంచు తగిలి గొట్టం మూసుకుపోయింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే గొట్టం అంచు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని, లివర్లు వదిలి, ఇంజను ఆపి, రెక్కలు పూర్తిగా నిలిచిపోయేదాకా చూసి, అప్పుడు కర్రతో పొడిచి మంచు రాల్చింది. మళ్ళీ స్టార్ట్ చేసింది.

తెల్లవారేసరికి డ్రైవ్‌వే దాదాపు అయిపోయింది. మిగిలింది రోడ్డు అంచు. సిటీ ట్రక్కు రోడ్డుని ఊడ్చుకుంటూ పోయి ప్రతి ఇంటి ముందూ గట్టులా తోసి వదిలిన మంచు అది. మెత్తగా ఉండదు, రాళ్ళూ ఐసు గడ్డలూ కలిసి ఉంటుంది. దాన్ని అంచుల నుంచి కొద్దికొద్దిగా తినిపించుకుంటూ వస్తుండగా లోపల ఠప్పుమని చప్పుడైంది. ఇంజను నడుస్తూనే ఉంది గానీ ఒక వైపు రెక్కలు ఆగిపోయాయి.

అప్పుడే రోడ్డు మీద ఒక టాక్సీ ఆగింది. పల్చటి జాకెట్‌తో, చిన్న బ్యాగుతో శశికాంత్ దిగాడు. గట్టుకి అవతల నిలబడి, ఊడ్చిన డ్రైవ్‌వేనీ, కనుబొమల మీద మంచుతో ఉన్న భార్యనీ మార్చి మార్చి చూశాడు.

త్రివేణి ఇంజను ఆపింది.

“నీ పనేనా ఇదంతా?” అన్నాడు.

“అంచు ఇంకా కాలేదు. పిన్ను విరిగింది.” ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. గట్టిది తగిలినప్పుడు లోపలి గేర్లు పాడవకుండా ముందు విరిగే పిన్ను అది, షియర్ పిన్ అంటారు. కొత్తవి హార్డ్‌వేర్ షాపులో కొని జేబులో పెట్టుకుంది. “ఫ్లైట్ లేట్ అయిందా?”

“రాత్రంతా ఎయిర్‌పోర్ట్‌లోనే. త్రివేణీ, అమ్మని తీసుకెళ్తాను. అక్కడైతే...”

“ఆవిడని అడుగు. నాతో కాదు.” విరిగిన ముక్కని సుత్తితో మెల్లగా కొట్టి బయటికి తీసింది. “సోమవారం కదా. లీవ్ ఎలా ఇచ్చారు నీకు?”

ఆమె తలెత్తి చూసింది. శశికాంత్ బ్యాగుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. గడ్డం గీసుకోలేదు. బాగా చిక్కిపోయాడు.

“లీవ్ అక్కర్లేదు,” అన్నాడు. “ప్రాజెక్ట్ ఆపేశారు. మా టీమ్ అంతటినీ తీసేశారు.”

“ఎప్పుడు?”

“డిసెంబర్‌లో.”

“డిసెంబర్‌లో ఎప్పుడు శశీ?”

“అమ్మ పడటానికి ముందే.”

దూరంగా ఇంకెవరిదో స్నో బ్లోయర్ నడుస్తున్న చప్పుడు వస్తోంది. త్రివేణి చేతిలో సుత్తి అలాగే ఉంది.

“ఉద్యోగం లేనప్పుడు, అమ్మ హాస్పిటల్‌లో ఉన్నప్పుడు, ఎందుకు రాలేదు?”

“వస్తే చెప్పాల్సి వచ్చేది. ఫ్రెండ్ కౌశిక్ రూమ్‌లో ఉండి ఇంటర్వ్యూలకి వెళ్తున్నాను. ఏదో ఒకటి వస్తుందనుకున్నాను. రెండు ఫైనల్ దాకా వెళ్ళి పోయాయి.” అతని పెదాలు చలికి తడబడుతున్నాయి. “ఉద్యోగం పోయాక ఇచ్చే రెండు నెలల గ్రేస్ పీరియడ్ సగం దాటిపోయింది. ఎవరైనా ఉద్యోగమిచ్చి వీసా ట్రాన్స్‌ఫర్ ఫైల్ చెయ్యకపోతే నా హెచ్-వన్ పోతుంది. అది పోతే నీ హెచ్-ఫోర్, నీ ఈఏడీ...”

“తెలుసు నాకు.”

“ఆరేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న ఉద్యోగం నా మూలంగా పోతుందని నీతో ఎలా అనను? అందుకే మంచు అన్నాను, అమ్మ చెయ్యి అన్నాను. ఇల్లు అమ్ముడుపోతే కనీసం చేతిలో ఏదైనా ఉంటుందని...” అతను ఆగాడు. “ఏదైనా అను త్రివేణీ. తిట్టు.”

ఆమె కొత్త పిన్నుని రంధ్రంలో పెట్టింది. వేళ్ళు మొద్దుబారిపోయి ఒకసారి జారింది. మంచులో వెతికి తీసి మళ్ళీ పెట్టింది. సరిగ్గా కూర్చున్నాక లేచి నిలబడింది. కళ్ళు మండుతున్నాయి. వాటిని చేతి తొడుగు వెనక వైపుతో తుడుచుకుంది.

“పక్కకి జరుగు,” అంది. “రాళ్ళు ఎగురుతాయి.”

“త్రివేణీ...”

“తొమ్మిదింటికి నేను ల్యాబ్‌లో ఉండాలి. కార్డు చెల్లినన్నాళ్ళూ వెళ్తాను. సాయంత్రం వచ్చాక నువ్వూ నేనూ కూర్చుని, ఏయే కంపెనీలతో మాట్లాడావో, లాయర్ ఏమన్నాడో మొదటి నుంచీ చెప్పుకుందాం. ఈసారి ఒక్కటి కూడా దాచకు. ఇంటి మాట ఆ తర్వాత.”

అతను జరిగాడు. ఆమె తాడు లాగింది. ఇంజను అందుకుంది. గట్టు అంచు నుంచి అంచు దాకా, ఐసు గడ్డ తగిలిన చోట వెనక్కి లాగుతూ, మళ్ళీ ముందుకి తోస్తూ, రోడ్డు నల్లగా కనిపించేదాకా తీసింది. శశికాంత్ చేతులు చంకల్లో పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

మెషీన్‌ని గ్యారేజ్‌లో పెట్టి, తడి కోటు మార్చుకుని, త్రివేణి కారు బయటికి తీసింది. భర్త పక్కకి వచ్చేసరికి అద్దం దించింది.

“అత్తయ్యకి నువ్వే చెప్పు,” అంది. “నేను చెప్పను.”

“ఏం చెప్పాలి నాకు?”

ఇద్దరూ తిరిగి చూశారు. జ్ఞానప్రసూన వాకిట్లో, కొడుకు పాత కోటులో నిలబడి ఉంది. తలుపు ఎప్పుడు తీసిందో, ఎంత విన్నదో ఇద్దరికీ తెలియదు. ఆవిడ కొడుకు ముఖం వంకే చూస్తోంది.

త్రివేణి కాలు బ్రేక్ మీద ఉంది. చెయ్యి తాళం చెవి మీదికి వెళ్ళింది.

“ఆపకమ్మా, నువ్వెళ్ళు,” అంది జ్ఞానప్రసూన ఆమె వైపు చూడకుండానే. “టైమవుతుంది నీకు.” తర్వాత కొడుకుతో, స్కూల్లో వెనక బెంచీ కుర్రాణ్ణి ముందుకి పిలిచిన గొంతుతో అంది. “నువ్వు లోపలికి రారా. బ్యాగు అక్కడే పెట్టు. నేను ఎక్కడికీ రావడం లేదు.”

త్రివేణి కారు రోడ్డెక్కించింది. మలుపు తిరిగేముందు అద్దంలో చూసింది. బ్యాగు డ్రైవ్‌వే మధ్యలో ఉంది. శశికాంత్ ఇంకా దాని పక్కనే నిలబడి ఉన్నాడు.